మా అక్కకు వచ్చిన రాయని కార్డు

భయం వేసినప్పుడు కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు, కొందరు మంచినీళ్లు తాగుతారు. నేను కోతలు కోస్తాను. చిన్నప్పటి నుంచీ అంతే. మాచర్ల వైపు మేతకు తోలుకెళ్లిన మా మేనమామ గేదె ఎత్తిపోతల జలపాతం దగ్గర కాలుజారి పడింది. అది కిందికి చేరేలోపే ఈనిందనీ, దూడ తల్లికన్నా ముందు ఒడ్డుకు ఈదిందనీ చెప్పి, మాచవరం దగ్గర మా పాలెం మొత్తాన్ని ఒక సాయంత్రమంతా కూర్చోబెట్టాను. నిజానికి ఆ గేదె మళ్లీ కనిపించలేదు. దాని వెనకాలే దిగబోయిన మేనమామను నలుగురు పట్టుకుని ఆపారు. అప్పుడాయన పెట్టిన కేక నా చెవుల్లోంచి ఎంతకీ పోక, దాని మీద ఆ దూడను ఈదించాను.

ఈ సంగతి కనిపెట్టింది మా అక్క ఒక్కతే. నా నోరు ఆగకుండా ఆడుతోందంటే, లోపల దేన్నో చూసి దడుసుకున్నానని లెక్క అనేది. నాకన్నా పదేళ్లు పెద్దది. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచింది. మా చర్చి బడిలో చిన్న తరగతులకు అక్షరాలు దిద్దించేది. బావ నాగార్జునసాగర్ డ్యాం పనిలో మేస్త్రీ, రెండు నెలలకోసారి ఇంటికి వచ్చేవాడు. నేను గురజాల హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. సెలవు దొరికితే అక్క ఇంట్లో తిండి, అక్క అరుగు మీద కోతలు. ఇదంతా డ్యాం గోడ సగం లేచిన రోజుల మాట.

నాకు పట్టుకున్న భయాల్లోకెల్లా పెద్దది గుంటూరులో పట్టుకుంది. అక్కడ బీఎస్సీ చదివేటప్పుడు ఒక మధ్యాహ్నం మా ఫిజిక్సు లెక్చరరు రేడియం గురించి చెప్పారు. చిటికెడు రేడియం తీసి పక్కన పెడితే పదహారు వందల ఏళ్లకు అందులో సగం మిగులుతుంది. ఇది తప్పదు. కానీ ఆ చిటికెలో ఫలానా అణువు ఎప్పుడు పగులుతుందంటే ఎవరూ చెప్పలేరు. పక్కపక్కన రెండు అణువులున్నాయి, అచ్చం ఒకే తీరువి. ఒకటి ఈ క్షణం పగిలిపోతుంది. రెండోది మూడు వేల ఏళ్లు కదలకుండా కూర్చుంటుంది. రెంటికీ తేడా ఏమిటి? తేడా ఏమీ లేదు, అన్నారాయన.

కారణం ఉండి మనకింకా దొరకలేదా, అసలు లేనే లేదా అని అడిగాను. ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టి, లోకంలో అందరికన్నా తెలివైనవాళ్లు ఇద్దరు సరిగ్గా ఆ ప్రశ్న మీదే ఏళ్ల తరబడి పోట్లాడుకున్నారని చెప్పారు. మనకు కనపడని కారణం అడుగున ఎక్కడో దాగి ఉంది, మన శాస్త్రమే ఇంకా అక్కడిదాకా పోలేదు అంటాడు ఒకాయన. అడుగున ఏమీ లేదు, నువ్వు చూసేదాకా అక్కడ తేలిన సంగతంటూ ఉండదు అంటాడు రెండో ఆయన. ఎవరిది గెలుపు సార్ అంటే, పరీక్షలో ఇది రాదు కూర్చో అన్నారు.

ఆ పూట మెస్సులో అన్నం కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాను. మా ఊళ్లో మిరప తోటకు తెగులొస్తే దిష్టి. పిల్లకు జ్వరమొస్తే తల్లి చేసిన తప్పు. మా చర్చిలో అయితే అన్నిటికీ దేవుని చిత్తం. కారణం తప్పో ఒప్పో, ఏదో ఒకటి మాత్రం ఉండి తీరాలి. ఏ కారణమూ లేకుండా ఒకటి చచ్చి ఒకటి బతికే లోకంలో కూర్చుని ఉన్నానని తెలిశాక, నా కింది పీట కూడా నాకు అనుమానంగానే కనిపించింది.

ఆ భయాన్ని పాలెంలో కోతగా మార్చే అవకాశం బావ తెచ్చిపెట్టాడు. ఒక వానాకాలం సాగర్ నుంచి రేడియం వాచీ పెట్టుకుని దిగాడు. దాని అంకెలు చీకట్లో పచ్చగా మెరుస్తాయి. పగలు చూడాలంటే గొంగడి ముసుగేసుకోవాలి. వీధి వీధంతా వరసలో నిలబడి, ఒకరి తర్వాత ఒకరు గొంగడిలో దూరి చూశారు. నేను పక్కన కూర్చుని మొదలుపెట్టాను. ఆ మినుకుమనే ప్రతి చుక్కా ఒక అణువు చావు అన్నాను. ఏదో దేశంలో ఇలాంటి వాచీలకు రంగు వేసే ఆడపిల్లలు కుంచె మొన సన్నబడటానికి పెదాలతో తడిపేవాళ్లనీ, కొన్నేళ్లకు వాళ్ల దవడ ఎముకలు పుచ్చి ఊడొచ్చాయనీ చెప్పాను. అంతవరకూ పత్రికలో చదివిన నిజం. వాళ్ల సమాధులు ఇప్పటికీ పచ్చగా మెరుస్తున్నాయనీ, అక్కడి కాటికాపరికి లాంతరు అక్కర్లేదనీ నేను కలిపాను. చివరికి, ఏ అణువు ఎప్పుడు పగలాలో దేవుడు కూడా రాసుకోలేదన్నాను.

అక్క గొంగడిలోంచి తల బయటపెట్టింది. "దేవుడు రాయంది కూడా ఉంటదంట్రా?"

"రేడియంలో ఉంటది అక్కా. అక్కడ ఆయన కూడా మనలాగే చూస్తా కూర్చోవాల."

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. నేను అది నా కథ గొప్పతనం అనుకున్నాను.

మా చర్చిలో కొత్త సంవత్సరం రోజు పొద్దున వాగ్దానపు కార్డులు తీసుకునే ఆచారం ఉంది. నాలుగు వేళ్ల వెడల్పు అట్టముక్కలు. ఒక్కోదాని మీద దైవగ్రంథంలోంచి ఒక్కో వాక్యం రాసి, ఇత్తడి పళ్లెంలో బోర్లా పరుస్తారు. మనిషికొకటి తీసుకోవాలి. ఎవరికి ఏది వస్తే ఆ ఏడాది దేవుడు వాళ్లకిచ్చిన మాట అదే. కొందరు తలుపుకు అంటించుకుంటారు, కొందరు ట్రంకుపెట్టె మూత లోపల. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని కార్డులు రాసే పని నాకు పడింది. పాస్టరుగారు మనిషికొక వాక్యం లెక్కన జాబితా ఇచ్చేవారు. జాబితాలో ఎన్ని వాక్యాలో లెక్కపెట్టి అన్నే అట్టముక్కలు కత్తిరించి, వరసగా రాసుకుంటూ పోయేవాణ్ణి.

ఆ డిసెంబరు చివర్లో అరుగు మీద రాస్తుంటే పాస్టరుగారు వచ్చి కూర్చున్నారు. మేమంతా ఆయన్ను అయ్యగారు అంటాం. ఎవరి కార్డు వాళ్లకు ముందే రాసిపెట్టి ఉంటుందనీ, మన చెయ్యి ఊరికే దాని దగ్గరికి పోతుందనీ ఆయన అన్నారు. నేను ఊరుకుంటానా. రేడియం మీద పోట్లాడుకున్న సీమదొరల్లో ఒకాయన మీ పక్షమే అయ్యగారూ, కార్డు బోర్లా ఉన్నా దాని మీద మాట ముందే ఉంటుందంటాడు, రెండో ఆయన మాత్రం, తిప్పేదాకా అది ఖాళీ, తిప్పడమే రాయడం అంటాడు అని వాళ్ల కొట్లాటంతా కార్డుల భాషలో చెప్పాను.

అయ్యగారు నా చేతిలోని కలాన్ని చూశారు. "అట్ట మీద నువ్వే రాస్తా ఉండి, రాసి లేదంటావేందయ్యా?"

అరుగు మీద ఉన్నవాళ్లంతా విరగబడి నవ్వారు. నాకు రోషం వచ్చింది. ఆయన వెళ్లాక ఒక అట్టముక్కను రాయకుండా పక్కకు తీసి, మూల మీద గోటితో చిన్న నొక్కు పెట్టాను. ఏ వాక్యం వదిలేశానో కూడా చూసుకోలేదు. దాన్ని పళ్లెం అడుగున పెట్టి, రాసినవాణ్ణి గనక అందరికన్నా చివర నేనే తీసి, అయ్యగారి ముందు తిప్పి, ఆగండి ఇప్పుడు అక్షరాలు పడతాయి అనాలని నా పథకం.

కొత్త సంవత్సరం పొద్దున అయ్యగారు పళ్లెం అందుకుని, పోయిన వారం వాదన గుర్తొచ్చిందో ఏమో, మాస్టారి చేతివాటం లేకుండా చేద్దాం అని నవ్వుతూ కార్డులన్నీ కలిపేశారు. అడుగున పెట్టిన అట్ట ఎక్కడికి పోయిందో ఇక నాకూ తెలియదు. ఆడవాళ్ల వరస ముందు కదిలింది. ఏడో ఎనిమిదో మనిషి మా అక్క. కార్డు తీసి తిప్పింది. మళ్లీ తిప్పింది. రెండు వైపులా చూసి, ఎవరికీ చూపకుండా కొంగున ముడేసుకుంది. అది చూసింది నేనొక్కణ్ణే. నా వంతు వచ్చినప్పుడు నేనూ ఒకటి తీశాను. చదవకుండానే జేబులో వేసుకున్నాను.

మధ్యాహ్నానికి అక్క గోడ వైపు తిరిగి పడుకుంది. ఇదిగో నా అల్లరి అని చెప్పి నవ్వించబోతున్నాను. బావ నన్ను చెయ్యి పట్టుకుని పశువుల కొట్టం వెనక్కి తీసుకుపోయాడు.

"మీ అక్కకు ఆరు నెలల నుంచి ఆడవాళ్ల జబ్బు బామ్మర్దీ. గుంటూరులో డాక్టరమ్మ చూసి, గర్భసంచి కాడ కేన్సరంది. దాన్ని చంపడానికి లోపల రేడియం పెట్టాలంది. ఈ సోమారం మంచం ఇస్తామన్నారు. ఆ పొద్దు పోకపోతే ఇంకొకళ్లకు ఇచ్చేస్తారు."

పెట్టకపోతే ఏమవుతుందని అడిగాను. ఎండాకాలం దాటదని డాక్టరమ్మ చెప్పిందట. నాకు చెప్పొద్దని అక్క ఒట్టు వేయించుకుందట, వాడు భయపడతాడని. రేడియం పేరు వినగానే వణికిపోయిందట. దవడల కథ ఎవరు చెప్పారో నాకు గుర్తు చేయనక్కర్లేదు అన్నాడు బావ. చివరికి ఎలాగో ఒప్పుకుని, కొత్త సంవత్సరం వాగ్దానం రానీ, దాన్ని పట్టుకుని బండెక్కుతా అందట.

"ఇప్పుడేమో ఉత్త అట్ట వచ్చింది. దేవుడు ఈ ఏటికి నాకు మాటే ఇవ్వలేదు, ఇంక పోయి ఏం చెయ్యాల అంటంది."

సోమవారానికి అయిదు రోజులుంది.

ఆ సాయంత్రమే అక్క దగ్గర కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. అయ్యగారితో వాదన, రోషం, గోటి నొక్కు, అన్నీ. అక్క నా తల నిమిరింది. "నా కోసం ఎంత చక్కగా అల్లావురా" అంది. నమ్మలేదు. కొంగు ముడి విప్పించి కార్డు చూపించాను. ఆ ముడిలో చెమటకు నలిగి నాలుగు మూలలూ ఒకేలా వంగిపోయాయి. నా గోటి గుర్తు ఏదో నాకే తెలియలేదు.

పరిగెత్తుకెళ్లి అయ్యగారిని తీసుకొచ్చాను. ఆయన వింటూ వింటూ ఎర్రబడ్డారు. తీరా అంతా విని, నన్ను పక్కకు పిలిచి, నిజంగానే ఖాళీది పెట్టావా లేక ఆమెను బండెక్కించడానికి ఇప్పుడు అల్లుతున్నావా, ఏదైనా నేను తప్పుపట్టను అన్నారు. నా జీవితంలో చెప్పిన కోతలన్నీ ఒక్కసారిగా వరసలో వచ్చి నా ఎదురుగా నిలబడినట్టయింది.

ఉపాయం బావకు తట్టింది. డ్యాం మీద రాళ్ల లెక్క చూసుకునే మనిషి కదా. జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఏ వాక్యం ఎవరికి వచ్చిందో గుర్తు పెడదాం, ఒకటి తగ్గితే నువ్వు రాయకుండా వదిలేసినట్టు తేలిపోతుంది అన్నాడు. నా జేబులోని కార్డుతో మొదలుపెట్టి రెండు రోజులు తిరిగాం. ఒక ముసలమ్మ, పరాయివాళ్లు చదివితే వాగ్దానం బలం పోతుందని కార్డు చూపనంది. ఆమె దాన్ని దాచుకుని చదువుతుంటే నేను విని గుర్తు పెట్టాను. ఒకాయన కార్డును మేక నమిలేసింది. మిగిలిన సగం ముక్కలో రెండు మాటలు నా దస్తూరీ చూసి పోల్చుకున్నాను. ప్రతి గడపలోనూ, ఒకవేళ అన్నీ ఉంటే, ఒక్కటీ తగ్గకపోతే ఆ ఖాళీ అట్ట ఎక్కడి నుంచి వచ్చినట్టు అని నాలోనే చలి పుట్టేది. నేను పెట్టానన్నది నాకే అనుమానం కాసాగింది. శుక్రవారం పొద్దుగూకే వేళకు లెక్క తేలింది. ఒక్క వాక్యం ఎవరి ఇంట్లోనూ లేదు.

అక్క ముందు జాబితా పరిచి, ఇదిగో నేను వదిలేసింది అని చూపించాను.

"వదిలేశావు. సరే" అంది అక్క. "నీ చేత వదిలించింది ఎవరు? ఇంతమంది ఆడవాళ్లుండగా అది నా చేతికే ఎందుకొచ్చింది?"

రెండు రోజులు కాళ్లరిగేలా తిరిగి తెచ్చిన రుజువును అక్క ఒక్క మాటతో తన వైపుకు తిప్పుకుంది. అది యాదృచ్ఛికమని నేను ఎంత చెప్పినా, దాని అడుగున ఒక కారణం ఉందని ఆమె అనొచ్చు. ఉందని ఆమె చూపలేదు, లేదని నేను చూపలేను. గుంటూరు క్లాసు గదిలో విన్న ఆ కొట్లాట మా అక్క నులక మంచం మీదికి వచ్చి కూర్చుంది. ఈసారి ఓడిపోతే పోయేది అక్క ప్రాణం.

శనివారం మధ్యాహ్నం అక్కే నన్ను పిలిచింది. బావ గడపలో కూర్చుని ఉన్నాడు.

"ఆ దవడల సంగతి నిజమా?"

"నిజం."

"సమాధులు మెరవడం?"

"అది నేను కలిపింది."

"నా లోపల పెడతారే, దానికి తెలుసా? జబ్బును చంపాల్నో, నన్ను చంపాల్నో?"

నా నోరు అప్పటికే సిద్ధంగా ఉంది. రేడియం వేటకుక్కలాంటిదనీ, జబ్బు వాసన పట్టి దాన్నే కరుస్తుందనీ చెప్పొచ్చు. నరసరావుపేటలో ఒకావిడ రేడియం పెట్టించుకుని మర్నాడే పత్తి ఏరడానికి పోయిందని చెప్పొచ్చు. ఆమె పేరు, ఇంటి గుమ్మం రంగు కూడా నాలుక చివర ఉన్నాయి. అక్క చెయ్యి మంచం పట్టె మీద ఉంది. దాన్ని పట్టుకున్నాను.

"తెలీదు అక్కా" అన్నాను.

"తెలీదంటే?"

"దానికి తెలీదు. ఏ అణువు ఎప్పుడు పగులుద్దో డాక్టరమ్మకీ తెలీదు, నాకు చదువు చెప్పిన సారుకీ తెలీదు. ఆ పెద్దోళ్లిద్దరూ కొట్టుకుంది కూడా తెలీకనే. కుప్పగా చూస్తే మాత్రం దాని లెక్క తప్పదు. ఆ లెక్కతోనే ఎంతసేపు ఉంచాలో డాక్టరమ్మ చూసుకుంటది. నీకు తగ్గుద్దో లేదో నాకు తెలీదు. ఆ ఖాళీ అట్ట పెట్టింది నేనే. అది నీ చేతికి ఎందుకొచ్చిందో తెలీదు. నాకు చానా భయంగా ఉంది."

అక్క నా మొహం వంక చాలాసేపు చూసింది. చిన్నప్పుడు జ్వరం వస్తే కళ్లు చూసి చెప్పేది ఎంత ఉందో, అలా చూసింది.

"నీకు మాటలొచ్చిన కాడ్నుంచి వింటన్నా. తెలీదనే మాట ఇప్పటిదాకా నీ నోట రాలేదు" అంది. తర్వాత గడప వైపు తిరిగి, బావతో, "ట్రంకుపెట్టె దించు. రెండు పాత చీరలు చాల్లే" అంది.

సోమవారం పిడుగురాళ్లలో మాచర్ల నుంచి వచ్చే రైలెక్కి గుంటూరు చేరాం. దారంతా అక్క కిటికీలోంచి తెల్లటి సున్నపు బట్టీలను చూస్తూ కూర్చుంది. నేను ఒక్క కథ కూడా చెప్పలేదు. చెప్పమని ఆమె అడగలేదు.

ఆసుపత్రిలో రేడియం పెట్టే గది గడప దగ్గర నేల మీద ఎర్ర గీత గీసి ఉంది. మేం దాన్ని దాటకూడదు. సీసపు పెట్టెలోంచి రేడియం నింపిన సన్నటి గొట్టాలను పొడుగాటి పట్టకారుతో తీశారు. నర్సు గబగబా పని ముగించుకుని బయటికి వచ్చేసేది, ఎంతసేపు ఉందో గడియారం చూసుకునేది. ఆమె కూడా భయపడుతోందని అప్పుడు గమనించాను. అక్క కదలకుండా వెల్లకిలా పడుకోవాలి. పక్క మంచం మీద ఈపూరు నుంచి వచ్చిన ఒకావిడ. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు, అదే జబ్బు, అదే డాక్టరమ్మ, అదే పెట్టెలోని రేడియం. వాచీ కథ అక్క చెప్పిందేమో, ఒక మధ్యాహ్నం ఆవిడ గొంతు గీత ఇవతలికి వినిపించింది.

"ఏమే, మనిద్దరికీ గొంగడి కప్పి చూపిస్తే మా వీధోళ్లు వరస కడతారే."

అక్క నవ్వింది. కదలకూడదని నర్సు ఇద్దర్నీ కసిరింది.

ఇంటికి పంపేటప్పుడు బావ డాక్టరమ్మను తగ్గినట్టేనా అని అడిగాడు. ఇప్పుడే చెప్పలేం, మూడు నెలలాగి రండి అందామె. అక్క తల ఊపింది. ఆ మాట ఆమెకు అప్పటికి అలవాటైంది.

మూడు నెలలకు వెళ్లాం. డాక్టరమ్మ చూసి, బాగుంది, మళ్లీ ఆరు నెలలకు రమ్మంది. అలా అక్క పదిహేడేళ్లు బతికింది. ఈ మధ్య పడమటి దేశాల్లో ఏవో ప్రయోగాలు చేశారనీ, బోర్లా ఉన్న కార్డు మీద మాట ముందే ఉంటుందన్న వాళ్ల వాదన, అనుకున్న రూపంలో, నిలవడం లేదనీ చదివాను. అయినా ఆ పోరు ఆగలేదట. అడుగున ఇంకో రకం కారణం ఉండొచ్చని వెతికేవాళ్లు వెతుకుతూనే ఉన్నారట. చదివినప్పుడల్లా నాకు మూడు నెలలకు మళ్లీ ఆసుపత్రికి వెళ్లిన ఆ వేసవి రోజే కళ్ల ముందుకు వస్తుంది.

ఆ రోజే ఈపూరు ఆవిడ కూడా రావాలి. ఆమె భర్త ఒక్కడే వచ్చాడు. ఆసుపత్రి కాగితం మడిచి చేతిలో పట్టుకుని ఉన్నాడు. మమ్మల్ని గుర్తుపట్టి దగ్గరికి వచ్చి, బెంచీ మీద కూర్చున్న మా అక్కను పై నుంచి కింది దాకా చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"సదువుకున్నోడివి, నువ్వు చెప్పు మాస్టరా. ఇద్దరికీ ఒకటే గదా పెట్టింది. ఎందుకిట్టా అయింది?"

ఆలస్యంగా వచ్చారనొచ్చు. ఆమె రక్తం తీరు వేరనొచ్చు. దేవుడు పిలుచుకున్నాడనొచ్చు. ఏదో ఒకటి దొరికితే చాలు, దాన్ని మూటగట్టుకుని ఇంటికి పోయేలా ఉన్నాడా మనిషి. అక్క నన్నే చూస్తోంది.

"తెలీదన్నా" అన్నాను.

ఇంకేమైనా చెబుతానేమోనని ఆయన కాసేపు అలాగే నిలబడ్డాడు. అక్క బెంచీ మీద కొంచెం జరిగి ఆయనకు చోటిచ్చింది.